మూడిండ్లకూ ఒకే మెయిల్

"ఎవురు తుడిసేసినారు? ముందు అది సెప్పండి."

ఆదివారం పొద్దున ఏడున్నరకు కుప్పం నుంచి గిరిబాబు గొంతు, వంటింటి కిటికీలో పెట్టిన ఫోన్లోంచి ఇల్లంతా వినబడుతోంది.

చిన్నప్ప అప్పుడే సెంటర్లో పాలు పోసి వచ్చి గడప మీద కూర్చున్నాడు. పెద్దకొడుకు ఇంత పొద్దున్నే ఫోన్ చేస్తే ఏ చావు కబురో అని ముందు భయపడ్డాడు. కాదని తెలిశాక కాస్త తేలికపడ్డాడు.

"ఏంది రా తుడిసేది? నేను ఇప్పుడే ఇంట్లోకి వస్తిని."

"ఫోన్లో హిస్టరీ, నాయనా. మనోళ్లు ఏమేమి వెతికినారో అంతా ఆడ ఉంటాది. రాత్రి ఎవురో మొత్తం కొట్టేసినారు. పాస్‌వర్డులు గూడా పోయినాయి. షాపు తెరిసినా, ఆరుమంది నిలబడుండారు. ఒకాయనకు కరెంటు సర్వీసు అప్లికేషన్, ఒకామెకు కూతురి హాల్ టికెట్టు. ఏ సైటు యాడుండాదో నాకు గుర్తుంటాదా? అన్నీ ఆ హిస్టరీలోంచే తీసుకుంటాండా గదా!"

కుప్పం రైల్వేస్టేషన్ దగ్గర గిరిబాబుకు ఆన్‌లైన్ సెంటర్ ఉంది. నాలుగేళ్ల కిందట రైతు రిజిస్ట్రేషన్ కోసమని తండ్రి పేరు మీద అతను ఒక జీమెయిల్ తెరిచాడు. ఆ తర్వాత ఇంట్లోకి ఏ కొత్త ఫోన్ వచ్చినా ముందు అతని చేతిలో పడేది. అతను ఆ మెయిలే పెట్టి ఇచ్చేవాడు. మదనపల్లెలో తల్లిదండ్రులున్న ఇంటి ఫోనుకు, అదే ఇంట్లో ఉంటున్న తమ్ముడు కిరణ్ కుమార్ ఫోనుకు, పుంగనూరులో చెల్లెలు నవనీత ఫోనుకు, తన షాపులో కంప్యూటర్లకు, అన్నిటికీ అదొక్కటే. రెండేళ్ల కిందట చిన్నకోడలుగా వచ్చిన అశ్విని ఫోనుకూ అదే పెట్టాడు.

పుంగనూరులో నవనీత తన పాపను ఫోటో తీస్తే అది మదనపల్లెలో కనబడేది. ఇంటిల్లిపాదికీ అదొక ముచ్చట.

"పోతే పోయిందిలే రా. మళ్లా కొట్టుకో," అన్నాడు చిన్నప్ప.

"అది కాదు నాయనా. తుడిసినోళ్లు ఎందుకు తుడిసినారో నాకు తెలుసు. స్పీకర్ తీసేసి మాట్లాడు."

చిన్నప్ప ఫోన్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. పక్కన ఉన్న మీట ఒకటి నొక్కాడు. తెర ఆరిపోయింది. సరేనని చెవికి పెట్టుకున్నాడు.

"తీసినావా?"

"తీసినా, సెప్పు."

గిరిబాబు గొంతు తగ్గించాడు. తగ్గించినా వంటింటి దాకా వినబడింది.

"గురువారం షాపులో గ్యాస్ బుకింగ్ కోసమని 'గ' కొడితే, 'గర్భసంచి జారితే ఏం చేయాల' అని వచ్చింది. ఎదురుగా కస్టమర్. నాకు తల కొట్టేసినట్టయింది. లోపలికి పోయి సూస్తే వరసగా పది పదైదు అట్లాంటివే. మదనపల్లెలో ఆడ డాక్టరు యాడుండాది, ఆపరేషన్ చేస్తే ఎన్ని దినాలు పండుకోవాల, అంతా అదే. నా పెండ్లాన్ని అడిగినా, తనది కాదంట. శుక్రవారం నవనీతకు ఫోన్ చేసినా, అదీ కాదనింది. అమ్మకు అక్షరమే రాదు. ఇంక మిగిలింది ఎవురు?"

వంటింట్లో పెనం మీద దోసె మాడుతోంది. అశ్విని చేతిలో అట్లకాడ ఉంది, కానీ తిప్పలేదు.

ఆమె పక్కనే నిలబడి ఉన్న అత్త యశోదమ్మ పచ్చడి గిన్నె మీద మూత పెట్టింది. మళ్లీ తీసి మళ్లీ పెట్టింది.

"పెండ్లయి రెండేండ్లాయ," గిరిబాబు అంటున్నాడు. "ఏమన్నా ఉంటే పెండ్లికి ముందే సెప్పాల్సింది వాళ్ల నాయన. సెప్పకుండా ఇచ్చేసి, ఇప్పుడు ఆయమ్మి దొంగతనంగా ఫోన్లో వెతుక్కొని, తుడిసేసి..."

"సరే సరే. ఆరుమంది నిలబడుండారంటివే. వాళ్ల సంగతి సూడు పో."

చిన్నప్ప ఫోన్ మళ్లీ కిటికీలో పెట్టాడు. వంటింటి వైపు చూడకుండానే, "ఆవుకు కుడితి పెట్టినారా?" అని అడిగాడు.

అశ్విని పొయ్యి ఆర్పి కుడితి బక్కెట్టు అందుకుంది.

*

కొట్టంలో యశోదమ్మ ఆవు వీపు మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. పుంగనూరు ఆవు, మనిషి నడుము ఎత్తు కూడా లేదు. దాని పాలు పితకాలంటే బాగా కిందికి గొంతుక్కూర్చోవాలి. ఏడాది నుంచి ఆ పని చిన్నప్పే చేస్తున్నాడు. ఎందుకని అడిగితే మోకాళ్ల నొప్పులని చెప్పింది యశోదమ్మ. అందరూ చూస్తుండగా మోకాళ్లకు నూనె కూడా రాసుకునేది.

అశ్విని కుడితి బక్కెట్టు దించింది.

"తుడిసేస్తే పోతాదంటివే," అంది యశోదమ్మ. కోపం లేదు ఆ గొంతులో.

"పోయింది అత్తా. కానీ బావ గురువారమే చూసేసినాడు. మనం నిన్న రాత్రి గదా తుడిచింది."

"బళ్లో రోజూ తుడుస్తానంటివి గదా. అట్లనే అనుకుంటి."

అశ్విని ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటర్ చెబుతుంది. సాయంత్రం ల్యాబు మూసే ముందు పన్నెండు కంప్యూటర్లలో హిస్టరీ తుడిచి రావడం ఆమె పని. చెయ్యి తిరిగిన పని కాబట్టే రాత్రి క్షణం ఆలోచించకుండా చేసేసింది.

"బళ్లో అకౌంటు పెట్టం అత్తా. ఆ కంప్యూటర్లో తుడిస్తే అది ఆ కంప్యూటర్లోనే పోతుంది. ఇక్కడ మూడిండ్లకూ కలిపి ఒకటే. ఇక్కడ తుడిస్తే కుప్పంలోనూ పోయింది. నాకు తట్టనేలేదు. పైగా ఉండే టిక్కులన్నీ పెట్టేసినా, పాస్‌వర్డులతో సహా. తప్పు నాదే."

"నీ తప్పేముండాది?" యశోదమ్మ ఆవు చెవి నిమిరింది. "తప్పు నాది. మనిషిని అడిగితే ఇంకో మనిషికి తెలుస్తాది. అది మిషను గదా, దాని కడుపులో పడిన మాట ఆడే ఉంటాది అనుకుంటి."

అశ్వినికి ఈ సంగతి తెలిసి రెండు రోజులే అయింది. శుక్రవారం బడి నుంచి వచ్చేసరికి గడ్డివామి వెనక అత్త గొంతు వినబడింది. ఇంటి ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, పక్కింటామెతో గుసగుసలాడినట్టు అడుగుతోంది: "అమ్మా, కూర్చుంటే ఏందో కిందికి దిగినట్టుంటాది. అది మళ్లా పైకి పోతాదా?" ఫోను మాత్రం గుసగుసలాడలేదు. ఊరంతా వినేట్టు జవాబు చెప్పింది. వారం రోజులుగా ఇదే జరుగుతోందట.

ఆ సాయంత్రం అశ్విని పక్కన కూర్చుని ఆ రాతలన్నీ చదివి వినిపించింది. ఇది చాలామంది ఆడవాళ్లకు వచ్చేదేనని, దీనికి వైద్యం ఉందని, కొందరికి లోపల రింగు పెడితే సరిపోతుందని, కొందరికి ఆపరేషన్ కావాలని. యశోదమ్మ చివరిదాకా విని ఒకే మాట చెప్పింది. "మొగోళ్లకు తెలీకుండా పోయేదైతే డాక్టరు దగ్గరికి వస్తా. తెలిసిందా, నేను రాను. సచ్చినా రాను."

బుధవారం చీరలు కొనే వంకతో బజారుకు పోదామని ఇద్దరూ అనుకున్నారు. అంతలోనే కుప్పం నుంచి ఈ ఫోను.

"నా పేరు ఎత్తొద్దు," అంది యశోదమ్మ. "నా కొడుకులు నా మొగం సూడలేరు. నేను వాళ్ల మొగం సూడలేను."

"ఎత్తను."

"నిన్ను అంటాండారే మరి?"

"అననీ అత్తా. బుధవారం దాకా గదా."

యశోదమ్మ బక్కెట్టును ఆవు మూతి దగ్గరికి జరిపింది.

*

కిరణ్ కుమార్ మధ్యాహ్నం ఒంటిగంటకు మండీ నుంచి వచ్చాడు. టమోటా మండీలో వేలంపాట పలకడం అతని పని. తెల్లవారుజాము నుంచి బాక్సుల మీద నిలబడి అరిచి అరిచి, ఇంటికి వచ్చేసరికి అతని దగ్గర మాటలు అయిపోయి ఉంటాయి. అశ్వినికి అది అలవాటే. ఈ రోజు మాత్రం చొక్కా విప్పకముందే మాట్లాడాడు.

"అన్న ఫోన్ చేసినాడు."

"తెలుసు."

"పాట మధ్యలో చేసినాడు. ఒక రేటు పలకబోయి ఇంకోటి పలికితే అందరూ నవ్వినారు." గిన్నెలో నీళ్లు తాగి కింద పెట్టాడు. "నువ్వేనా తుడిసింది?"

"నేనే."

"యాల?"

"ఒకరు వెతుక్కున్నది ఇంకొకరు చూడాల్సిన పని లేదు కాబట్టి."

"ఒకరంటే ఎవురు?"

అశ్విని సంగటి ముద్ద పళ్లెంలో పెట్టి, మధ్యలో గుంట చేసి చారు పోసింది.

"అశ్వినీ, నేను నీ మొగుణ్ణి. నా దగ్గర గూడా దాపరికమా?"

"పెరట్లో నీళ్లు పోసుకునే చోట తడిక కట్టినారు గదా. నేను పోసుకునేటప్పుడు నువ్వు తొంగి చూస్తావా?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"ఒకటే. తడిక వెనక ఎవరూ దొంగతనం చెయ్యరు. అయినా తడిక ఉండాల గదా?"

కిరణ్ కుమార్ పెదవుల మీద నవ్వులాంటిది వచ్చి పోయింది. "బళ్లో పిల్లోళ్లకు సెప్పినట్టు సెప్పొద్దు నాకు."

ముద్ద తుంచి చారులో ముంచాడు, కానీ నోట్లో పెట్టుకోలేదు.

"ఒక్కటే అడుగుతా. నీకు ఒంట్లో బాగలేదా? అది సెప్పు చాలు. పిల్లలు, గిల్లలు, అన్న మాటలు, అదంతా వదిలెయ్. నీకు బాగుందా లేదా?"

అతను అరిచి ఉంటే అశ్విని తట్టుకునేది. ఇలా అడుగుతాడని ఆమె అనుకోలేదు. నాకేం లేదు అని చెప్పడం ఎంతసేపు? కానీ ఆ మాట చెప్పిన మరుక్షణం అతను లెక్క వేస్తాడు. వదిన కాదు, చెల్లెలు కాదు, పెళ్లాం కాదు. మిగిలేది ఒక్కరే.

"భయపడేదేమీ లేదు," అంది.

"భయపడేది లేదంటే ఏదో ఉండాదనే గదా."

"తిను ముందు. చల్లారిపోతుంది."

అతను సగం తిని లేచాడు. చేతులు కడుక్కునే దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదని అశ్వినికి తెలుస్తూనే ఉంది.

*

మూడు గంటల బస్సుకు పుంగనూరు నుంచి నవనీత దిగింది. పాపను మొగుడి దగ్గర వదిలి ఒక్కతే వచ్చింది. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"వదినా, నీకు దండం పెడతా. అది నీదైతే నీదని ఒక్క మాట సెప్పేయ్."

"లోపలికి రా నవనీతా. మజ్జిగ తాగు ముందు."

"మజ్జిగ వద్దు, ఏమీ వద్దు. పెద్దన్న ఫోన్ చేసినప్పుడు మా అత్త నా పక్కనే ఉండాది. పెద్దన్న గొంతు నీకు తెలుసు గదా, స్పీకర్ పెట్టాల్సిన పనే లేదు. అప్పట్నుంచి మా అత్త రంగనాయకమ్మ నాతో మాట్లాడితే ఒట్టు. నీళ్ల బిందె ఎత్తబోతే లాక్కుంటాది, మళ్లా మొగం తిప్పుకుంటాది. పొద్దున ఏమనిందో తెలుసా? 'మీ అమ్మోళ్లు దాసిపెట్టి ఇచ్చినారా మాకు' అనింది. పాపను కన్నా గదా నేను! ఇంకేం దాసిపెడతారు?"

"నువ్వు కాదని సెప్పలేదా?" అన్నాడు మంచం మీద లేచి కూర్చున్న కిరణ్ కుమార్.

"సెప్పినా చిన్నన్నా. కాదంటే మరి ఎవురిది అంటాది. ఎవురిదని సెప్పేది?"

వసారాలో చిన్నప్ప తాడు పేనుతున్నాడు. చేతులు ఆగాయి.

యశోదమ్మ మజ్జిగ లోటాతో వంటింటి వాకిట్లో నిలబడింది. కూతురికి ఇవ్వాలని వచ్చింది, కానీ అక్కడే ఆగిపోయింది. అశ్విని ఆమె వైపు ఒక్కసారి చూసింది. యశోదమ్మ చూపు దించుకుంది.

"నాదే," అంది అశ్విని.

"ఏంది?"

"నాదే అనుకో నవనీతా. మీ అత్తకు అట్లనే చెప్పు."

"అనుకోమంటే ఎట్ల వదినా? అవునో కాదో సెప్పు."

"అవును."

కిరణ్ కుమార్ మంచం పట్టె పట్టుకున్నాడు. నవనీత ఏడుపు ఆపుకుంటూ వచ్చి వదిన పక్కన కూర్చుంది. ఇంతసేపూ నీదని ఒప్పుకోమన్న మనిషి, ఒప్పుకున్నాక ఏం మాట్లాడాలో తెలియక అశ్విని చెయ్యి పట్టుకుంది. "యాల సెప్పలేదు వదినా? నాకైనా సెప్పకూడదా?"

చిన్నప్ప తాడు పక్కన పెట్టి లోపలికి వచ్చాడు. అతను కోడలితో నేరుగా మాట్లాడటం తక్కువ. ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తూ మాట్లాడాడు.

"అమ్మా, దీంట్లో తప్పేం లేదు. జబ్బు ఎవురికి రాదు? వచ్చినప్పుడు సెప్పుకోవాల. సెప్పుకోకుంటే ఇంట్లోవాళ్లకు ఎట్ల తెలుస్తాది? రేపు బడికి సెలవు పెట్టు. డాక్టరమ్మకు సూపిద్దాం. అందరం వస్తాం."

యశోదమ్మ ఇవ్వకుండానే మజ్జిగ లోటాతో వంటింట్లోకి వెనుదిరిగింది. ఎవరూ గమనించలేదు.

చీకటి పడకముందే నవనీత బస్సుకు వెళ్లిపోయింది. అంట్లు తోముతున్న అత్త దగ్గరికి అశ్విని జరిగింది.

"అత్తా, ఇది మన మంచికే అనుకుందాం. రేపు చీటీ నా పేరు మీదే రాయిస్తారు. లోపలికి నాకు తోడుగా మీరు రండి. తలుపు వేసినాక చూపించుకునేది మీరు. బయట మొగోళ్లకు ఏమీ తెలీదు. డాక్టరమ్మకు నేను చెప్పుకుంటా."

"నీ చీటీ మీద నేనా?"

"రేపటికి అంతే. తర్వాత చూద్దాం."

యశోదమ్మ కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది. "మరి నీకు ఆ పేరు అట్లనే ఉండిపోతాది గదా మే," అంది.

అశ్విని అంతదాకా ఆలోచించలేదు. అత్త చేతిలోని గిన్నె అందుకుని బోర్లించింది.

*

సోమవారం పది గంటలకు ఆసుపత్రి వరండాలో బెంచీల మీద చోటు లేదు. గుర్రంకొండ నుంచి, బి.కొత్తకోట నుంచి వచ్చిన ఆడవాళ్లు, తోడు వచ్చిన ఆడవాళ్లు, గోడకు ఆనుకుని నిలబడ్డ మగవాళ్లు. చిన్నప్పకు ఒక బెంచీ చివర చోటు దొరికింది. యశోదమ్మకు ఎవరో లేచి చోటిచ్చారు. ఆమె ఒక పక్కకు ఒరిగి కూర్చుంది.

గిరిబాబు షాపు మూసి, కుప్పంలో మొదటి బస్సుకు పలమనేరు మీదుగా వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. వస్తూ వస్తూ అశ్వినికి యాపిల్ పండ్లు కూడా తెచ్చాడు.

"బాధపడొద్దు అశ్వినీ. నేనేదో కోపంలో అన్నా. ఇప్పుడు ఈ జబ్బులకు మంచి మందులుండాయి. నేను మొత్తం సదివినా."

"బావా, ఒక మాట," అంది అశ్విని. "ఆ మెయిల్ విడదీయండి. ఎవరిది వాళ్లకు పెట్టండి."

"విడదీస్తే ఫోటోలన్నీ యాడికి పోతాయి? ఒక ఇంటోళ్లం, మనకు మనకు అడ్డమేంది? ఈ రోజు సూడు, అది ఒకటే ఉండబట్టి గదా నీ జబ్బు మాకు తెలిసింది. లేకుంటే నువ్వు సెప్పేదానివా?"

తెలిసింది తప్పని చెప్పడానికి అశ్వినికి వీల్లేదు.

"ఇంకోటి," అన్నాడు గిరిబాబు, గొంతు తగ్గించాననుకుంటూ. "మీ నాయనకు పొద్దున ఫోన్ చేసినా. బి.కొత్తకోటలో బస్సెక్కినాడంట. డాక్టరమ్మ ఏం సెప్పేదీ ఆయన ముందరే సెప్తే మంచిది. రేపు మాటలొస్తాయి గదా, ముందే తెలుసా తెలీదా అని."

అశ్విని బస్సులు వచ్చే రోడ్డు వైపు చూసింది.

ఆమె తండ్రి ఓబులేసు వేరుశెనగ చేలల్లో కూలికి పోయి ఆమెను డిగ్రీ చదివించాడు. వాళ్ల ఇంట్లో అంతవరకు చదివినవాళ్లు వేరెవరూ లేరు. పెళ్లి మాటల నాడు ఆయన అన్నది ఒకటే, మా అమ్మాయి అబద్ధమాడదు అని. ఇప్పుడు ఆయన ఈ వరండాలోకి వచ్చి, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని, వీళ్లందరి ముందు నిలబడతాడు. నిజంగా నాకు తెలియదయ్యా అంటాడు. ఎవరూ నమ్మరు.

ఆమె పైకి చూసింది. కళ్లలో నీళ్లు కిందికి జారకుండా ఉండటానికి బళ్లో చిన్నపిల్లలు చేసే పని అది.

యశోదమ్మ ఆమెనే చూస్తోంది.

"తరవాత ఎవరు? పేరు చెప్పండి," అంది చీటీలు రాసే అమ్మాయి, తల ఎత్తకుండా.

కిరణ్ కుమార్ ముందుకు వెళ్లాడు. "అశ్విని."

"వయసు?"

"ఇరవై ఐదు."

"ఏం ఇబ్బంది?"

కిరణ్ కుమార్ గొంతు సవరించుకున్నాడు. మండీలో నాలుగు వందల మందికి వినబడేట్టు పలికే మనిషికి ఆ ఒక్క మాట నోటికి రాలేదు. వెనక్కి తిరిగి అన్న వైపు చూశాడు. గిరిబాబు తండ్రి వైపు చూశాడు.

"కొట్టేయమ్మా ఆ పేరు."

అందరూ తిరిగి చూశారు. యశోదమ్మ బెంచీ పట్టుకుని లేచింది. నెమ్మదిగా నడిచి వచ్చి కొడుకును పక్కకు జరిపింది.

"రాసుకో. యశోదమ్మ. మొగుని పేరు చిన్నప్ప. వయసు యాభై మూడో నాలుగో, నీకు తోచింది ఎయ్యి. గర్భసంచి జారింది. నాకు. మా కోడలికి కాదు."

చీటీల అమ్మాయి తల ఎత్తింది. ఆమె ఇలాంటి మాటలు రోజూ వినేదే. పాత చీటీ చించి కొత్తది తీసింది.

"అమ్మా," అన్నాడు గిరిబాబు. "అవన్నీ ఫోన్లో కొట్టి వెతికినవి గదా. నీకు సదవను రాదు గదా."

"సదవను రాదు. మాట్లాడను వచ్చు గదా రా."

మైకు గుర్తు ఎక్కడ నొక్కాలో తల్లికి చూపించింది గిరిబాబే. పాత పాటలు వినమని, ఉగాదికి వచ్చినప్పుడు.

"ఇప్పుడు నువ్వు ఎవురెవురికి ఫోన్ చేసి సెప్పినావో, అందరికీ మళ్లా ఫోన్ చెయ్," అంది యశోదమ్మ. "అశ్విని వాళ్ల నాయనకు మొదట. బస్సు దిగనీకుండా సెప్పు. ఆ తరవాత పుంగనూరుకు. నా పేరు పెట్టే సెప్పు, ఏం పర్వాలేదు. ఆయమ్మి రెండు దినాలు నా పేరు దాసింది. నేను ఆయమ్మి పేరు సెడగొట్టి యాడికి పోతా?"

"అత్తా..." అంది అశ్విని.

"నువ్వు మాట తప్పలేదు మే. నేనే సెప్పుకున్నా."

కిరణ్ కుమార్ పెళ్లాం వైపు చూశాడు. ఆమె చేతిలోని యాపిల్ పండ్ల సంచి తన చేతిలోకి తీసుకున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి ఉంది ఇది?" చీటీల అమ్మాయి అడిగింది.

"నవనీత పుట్టినప్పట్నుంచి."

"నవనీత అంటే?"

"నా కూతురు. ఇరవై మూడేండ్లు దానికి. కన్న తొమ్మిదో దినం గడ్డిమోపు ఎత్తినా. కొట్టంలో గొడ్లకు మేత లేదు. ఆ పొద్దే తెలిసింది నాకు, లోపల ఏందో జారిందని. ముందర కొంచమే. ఏడాది నుంచి కూర్చోనీకుండా ఉండాది."

బెంచీ చివర చిన్నప్ప కదల్లేదు. అది జాతర వారం. ఆ వారమంతా అతను ఇంటి పట్టున లేడు. తిరిగి వచ్చినప్పుడు కొట్టం నిండా గడ్డి ఉంది. ఎవరు తెచ్చారని అతను అడగలేదు. ఇప్పుడు గుర్తు చేసుకుంటే, ఆ ఇంట్లో అతను అడగని సంగతులు ఇంకా చాలా ఉన్నట్టు తోచింది.

నర్సు పరదా పక్కకు లాగింది. "యశోదమ్మ! పేషెంటుతో ఒక్కరే లోపలికి రావాల."

అశ్విని ముందుకు అడుగు వేసింది. అదే సమయానికి చిన్నప్ప కూడా లేచాడు. తువ్వాలు సర్దుకున్నాడు. భార్య దగ్గరికి వచ్చి, గోడ వైపు కాకుండా ఆమె ముఖం వైపే చూశాడు.

"మే, నేను లోపలికి రావచ్చునా?"

ముప్పై మూడేళ్ల కాపురంలో అతను ఆమెను ఏ విషయానికీ అనుమతి అడగలేదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసినట్టుంది. యశోదమ్మ పరదా అంచు చేతిలో పట్టుకుని నిలబడింది. అతని వైపు చూసింది. అశ్విని వైపు చూసింది. మళ్లీ అతని వైపు చూసింది.

నర్సు రెండోసారి పిలిచింది. యశోదమ్మ ఇంకా జవాబు చెప్పలేదు.